ఇంజిన్ నిశ్వాసానికి

మంటలో పుట్టి, మంటను మోసుకుంటూ బయటికొచ్చే గాలీ, నిన్ను కొలుస్తున్నాను.

లోపలికి వెళ్లే గాలిని పొగిడేవాళ్లు చాలామంది. దానికి ఫిల్టరు కట్టారు, దాని దారి విశాలం చేశారు, దాని చల్లదనాన్ని కొలిచారు. నువ్వు పని ముగిశాక పుట్టేదానివి. పెట్రోలుతో కలిసి, పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య నలిగి, ఒక్క నిప్పురవ్వకు భగ్గున లేచి, పిస్టన్‌ను కిందికి తన్ని, ఉన్న బలమంతా క్రాంకుకు ధారపోసి, ఆ తర్వాత కాలిన ఒంటితో వాల్వు సందులోంచి వెలుపలికి దూకుతావు. నీకు దక్కే సమయమెంతని? ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగే వేళ ఒక ఎగ్జాస్ట్ స్ట్రోకుకు దొరికేది సుమారు ఏడున్నర మిల్లీసెకన్లు. నేను రెప్ప వేసి తెరిచేలోపు నాలుగైదు సార్లు పుట్టి, నాలుగైదు సార్లు వెళ్లిపోతావు.

నీకు దారి వెయ్యడమే నా ఆదివారపు కొలువు. అందుకే సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పిల్లర్ పక్కన పాత దుప్పటి పరిచి, పానాలు వరసగా పేర్చి, మోకాళ్ల మీద కూర్చుంటాను. పైన స్కందగిరి గుడి గంట. బయట పాలబండి. ఎదురుగా చల్లారిన ఇంజిన్.

ఈ పేట చుట్టూ ఇనుము తెలిసిన చేతులున్నాయి. దీన్ని వాకర్ టౌన్ అన్న రోజుల్లోనూ ఉన్నాయి, దివాన్ బహదూర్ పద్మారావు మొదలియార్ పేరు వచ్చాకా ఉన్నాయి. ఆ పక్క లాలాగూడలో నిజాం రైల్వే కాలం నాటి వర్క్‌షాప్, 1893 నుంచి బోగీలను విప్పి బిగిస్తున్నది. ఈ పక్క కవాడిగూడలో 1943లో మొదలైన ప్రాగా టూల్స్, యంత్రాలను చేసే యంత్రాలను చేసిన చోటు. తిరుమలగిరిలో సైన్యపు బండ్ల మరమ్మతు విద్య నేర్పే ఎంసీఈఎంఈ. రాణిగంజ్‌కు పోతే బోల్టు, బేరింగు, గొట్టం, గొట్టాన్ని పట్టే క్లాంపు. జంట నగరాల్లో ఈ మూల పెరిగినవాడికి ఏ ఇంట్లోనో, ఏ మేడ మీదనో ఒక రిటైరైన ఫిట్టర్ తగులుతాడు. మర తిప్పుడులో మర్యాద ఉంటుందని ఆ మనిషి దగ్గరే తెలుస్తుంది.

స్టాండు మీద నిలబడ్డది క్లాసిక్ 500. 84 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 499 సీసీ, ఒకే ఒక్క సిలిండరు. 2009లో మన రోడ్ల మీదికి వచ్చి, 2020లో బీఎస్-6 కాలుష్య నియమాల గడప దగ్గర ఆగిపోయిన వంశం. 27.2 హార్స్‌పవర్ ఈ రోజుల్లో గొప్ప అంకె కాదు. కానీ 4000 చుట్ల దగ్గర అది ఇచ్చే 41.3 న్యూటన్ మీటర్ల టార్కు ఉందే, వెన్నులో ఎక్కడో తగిలి మనిషిని ముందుకు నెడుతుంది. నాది బీఎస్-4 బండి. బెండ్ పైపు మీద ఆక్సిజన్ సెన్సర్ ఉంది, సైడు డబ్బా లోపల ఇంజిన్ కంప్యూటరైన ఈసీయూ ఉంది. కార్బురేటర్ కాలం పోయి కంప్యూటర్ కాలం వచ్చినా, గుండె మాత్రం ఆ పాత ఒంటి కొట్టుడే కొడుతుంది.

విప్పడం గురించి ముందు చెప్పాలి. బిగించడం కంటే విప్పడానికే భక్తి ఎక్కువ కావాలి.

హెడ్డు దగ్గర బెండ్ పైపును పట్టి ఉంచేవి స్టడ్లు, వాటి మీద నట్లు. వేల కిలోమీటర్ల వేడి వాటిని ఒకదానికొకటి అతికించి ఉంటుంది. రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి పడుకోవాలి. పొద్దున చల్లని ఇంజిన్ మీద, మొనలు అరగని రింగు పానాతో, ఒక్క విసురులో కాకుండా కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్లీ విప్పి, నట్టు ఎంత ఒప్పుకుంటే అంతే తిప్పాలి. స్టడ్ విరిగితే హెడ్డులోంచి దాన్ని తవ్వి తియ్యాలి, అది వేరే నరకం. నట్టు మొదటిసారి కదిలినప్పుడు వచ్చే ఆ చిన్న కిర్రుమనే శబ్దానికి నేను మొక్కుతాను. సెన్సర్ వైరు కనెక్టరును ముందు ఊడదీస్తాను, తర్వాతే పైపును కదిలిస్తాను. వైరు మెలిపడితే సెన్సర్ పోయినట్టే. పైపు చేతికొస్తుంది. హెడ్డు పోర్టులో నల్లటి గుండ్రటి నోరు కనబడుతుంది. టార్చి వేసి చూస్తే లోపల, లోతున, వాల్వు వీపు. ఎన్ని లక్షల సార్లు తెరుచుకుందో ఆ తలుపు! వేలు పెట్టి తుడిస్తే కార్బన్ పొడి అంటుకుంటుంది. నీ అడుగుల గుర్తు అది, గాలీ.

లాలాగూడ వర్క్‌షాప్‌లో బతుకంతా పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు మా మెట్ల దగ్గర ఆగి చూస్తారు.

"ఏం బాబూ, పొద్దున్నే విప్పేసినవా?"

"ప్యాకింగ్ మారుస్తున్నా అంకుల్. సైలెన్సర్ కూడా కొత్తది."

"పాత ప్యాకింగ్ మళ్లీ పెట్టకు. అన్ని నట్లూ చేత్తో పట్టించి వదిలెయ్. పైపు దానంతటది కూర్చున్నాక హెడ్డు కాడ్నించి మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంట పో. వెనక ముందు బిగిస్తే గొట్టం కోపంతో ఉంటది. కోపంతో ఉన్న గొట్టం పగుల్తది."

ఏ మాన్యువల్ అయినా చెప్పేది ఇదే. గొట్టాన్ని బలవంతంగా లాగి క్లాంపుకు కట్టేస్తే లోహంలో ఒత్తిడి నిలిచిపోతుంది. వేడెక్కి సాగి, చల్లారి ముడుచుకుని, ఏదో ఒక రోజు వెల్డింగ్ దగ్గర విడిపోతుంది. నేను స్టడ్లకు యాంటీ సీజ్ పేస్టు పలచగా రాసి, కొత్త ప్యాకింగ్ పోర్టులో కూర్చోబెట్టి, నట్లన్నీ వేళ్లతో తిప్పి, పైపును వదులుగా వేలాడనిచ్చి, కొత్త సైలెన్సర్‌ను దాని మీదికి తోసి, బ్రాకెట్ రంధ్రం తనంతట తాను బోల్టుకు ఎదురయ్యేదాకా అటూ ఇటూ తిప్పుతాను. ఎదురైందా, ఇక టార్క్ రెంచి. క్లిక్‌మనగానే చెయ్యి ఆగాలి. మనసు ఇంకా కొంచెం బిగించమంటుంది, వినకూడదు.

ఇప్పుడు గొట్టపు విద్యను కీర్తిస్తాను.

వాల్వు తెరుచుకున్న క్షణాన నువ్వు రెండు రూపాల్లో బయల్దేరతావు. ఒకటి పొగ, బరువుగా, వెనకవెనకగా. రెండోది ఒత్తిడి తరంగం. అది ఆ కాలిన గాలిలో సెకనుకు 500 మీటర్లు దాటిన వేగంతో ముందే పరుగెత్తిపోతుంది. గొట్టం ఒక్కసారి వెడల్పయిన చోట, సైలెన్సర్ కడుపులోకి అడుగుపెట్టిన చోట, ఆ తరంగం తిరగబడుతుంది. వెళ్లినప్పుడు తోసేది, వచ్చేటప్పుడు పీల్చేదవుతుంది. సరిగ్గా రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉన్న ఆ సంధి ఘడియలో వెనక్కి చేరితే, సిలిండరులో మిగిలిన చివరి పొగను ఈడ్చి పారేసి, కొత్త గాలిని చెయ్యి పట్టి లోపలికి లాగుతుంది. వేళ తప్పితే ఆ పీల్పు వృథా అవుతుంది, మళ్లీ తిరగబడి తోసేదిగా వచ్చిన తరంగం పాత పొగను లోపలికి కుక్కవచ్చు. అందుకే గొట్టం ఎంత లావుంటే అంత బలమన్న మాట తప్పు. పొడవు, లావు, ఎక్కడ విచ్చుకుంటుందన్నది, ఇవి కలిసి ఏ చుట్ల దగ్గర ఇంజిన్ పాడుతుందో తేలుస్తాయి. స్కందగిరి ఉత్సవాల్లో నాదస్వరం ఊదే విద్వాంసుడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. గొట్టంలో నిలిచిన గాలి పొడవే ఆయన శ్రుతి.

ఈ విద్యకు ఒక రుషి ఉన్నాడు. తూర్పు జర్మనీలో, చోపౌ పట్టణంలోని ఎంజెడ్ కర్మాగారంలో, వాల్టర్ కాడెన్. 1950ల్లో, డబ్బుల్లేని చోట, మంచి లోహం కూడా కరువైన చోట కూర్చుని, టూ స్ట్రోక్ ఇంజిన్ గొట్టంలోని తరంగాలను ఆసిలోస్కోప్ మీద చూశాడు. రేకును శంకువులా విచ్చి, మళ్లీ శంకువులా ముడిచి, వెళ్లిన తరంగం వెనక్కొచ్చి తప్పించుకుపోతున్న కొత్త గాలిని సిలిండరులోకే తోసేసేలా చేశాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజిన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అంటే లీటరుకు 200. సూపర్‌చార్జర్ లేకుండా అంత బలం అంతకుముందు ఏ ఇంజినూ చూపలేదు. ఆ ఏడే ఆయన రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ గ్రాండ్ ప్రి నుంచి పశ్చిమానికి పారిపోయాడు. భార్యాపిల్లలను కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. ఆ గొట్టపు రహస్యం డెగ్నర్‌తో పాటు సుజుకీకి చేరింది. 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీ మీద ఆయనదే. కాడెన్ మాత్రం చోపౌలోనే ఉండిపోయాడు. ఆయనను తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. గొట్టాలన్నీ ఆయనకు రుణపడ్డాయి.

ఆ రుణం ముషీరాబాద్ సందుల దాకా వచ్చింది. ఎస్కార్ట్స్ వాళ్లు 1985 నుంచి 1996 దాకా చేసిన ఆర్‌ఎక్స్ 100 ఉంది కదా, 98 సీసీ, 11 హార్స్‌పవర్, దాని సైలెన్సర్ కడుపులో ఉన్నది ఆ శంకువుల విద్యే. మా ముందు తరం కుర్రాళ్లు ఆ మోత విని ఎవరి బండి వస్తున్నదో గుమ్మంలోంచే చెప్పేవాళ్లు.

ఇక మోత గురించి. గాలీ, నీ గొంతు నాకు ప్రాణం. నిలకడగా వెయ్యి చుట్ల దగ్గర సెకనుకు ఎనిమిది సార్లు కొట్టే ఆ గుండ్రటి దెబ్బ, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ ఖాళీ. ఆ ఖాళీ కోసమే చాలామంది ఒంటి సిలిండరును ప్రేమిస్తారు. కానీ నేనుండేది గాంధీ ఆసుపత్రి పక్కన. 2003లో పాత ముషీరాబాద్ జైలు స్థలానికి తరలివచ్చిన ఆసుపత్రి అది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు రాష్ట్రమంతటి నుంచి అంబులెన్సులు ఈ రోడ్డు మీదికే వచ్చాయి. ఆ రాత్రులు ఇక్కడ బతికినవాళ్లకు నిశ్శబ్దం విలువ తెలుసు. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలమని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. 175 సీసీ దాటిన మోటార్ సైకిల్ తయారీ స్థాయి పరీక్షలో 80 డెసిబెల్స్ మించకూడదు. తయారీదారు రాసిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. శబ్దం, పొగ హద్దు మీరితే 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్స్ పోవడం. చట్టం లేకపోయినా నా ఎంపిక ఇదే అయ్యేది. లోపల గ్లాస్ వూల్ నిండుగా చుట్టి, కొసన మోత తగ్గించే డీబీ కిల్లర్ ఉన్న, ధ్రువీకరణ కాగితం చేతికిచ్చిన సైలెన్సర్ తెచ్చాను. డీబీ కిల్లర్ బోల్టును ఎన్నడూ ముట్టను. లోపలంతా పీకేసిన ఖాళీ డబ్బా చేసే రొద నీ గొంతు కాదు, నిన్ను హింసిస్తే నువ్వు పెట్టే కేక. మంచి సైలెన్సర్ పైస్థాయి చీలికలను గ్లాస్ వూల్‌లోకి మింగేసి, కింది గుండ్రటి స్వరాన్ని మాత్రం వదులుతుంది. ఐసీయూ కిటికీ కింద నుంచి పోయినా ఎవరికీ నిద్ర చెదరకూడదు, నా పాదాలకు మాత్రం ఆ స్వరం తెలియాలి.

క్యాటలిటిక్ కన్వర్టర్‌కు వేరే నమస్కారం. కొన్ని బండ్లలో అది బెండ్ పైపులో ఉంటుంది, కొన్నింటిలో సైలెన్సర్ లోపల. కొనకముందే చూసుకోవాలి, అది ఊడిపోయే మార్పు చెయ్యకూడదు. ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూసిన ఆ సన్నని గదుల గుండా పోతూ నీలోని విషం విరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ బొగ్గుపులుసు గాలి అవుతుంది, కాలని పెట్రోలు నీరూ, బొగ్గుపులుసు గాలీ అవుతుంది. చిలకలగూడ సిగ్నల్ దగ్గర నా వెనక స్కూటీ మీద ఎవరి బిడ్డో కూర్చుని ఉంటుంది. నిన్ను పీల్చేది ఆ బిడ్డే.

గొట్టం అయింది. ఇప్పుడు మెదడు.

నువ్వు సులువుగా బయటికి పోతే లోపలికి గాలి ఎక్కువ వస్తుంది. గాలి ఎక్కువైనప్పుడు పెట్రోలూ ఎక్కువ కావాలి. ఇంజిన్‌కు ఆ సంగతి చెప్పేదెవరు? కార్బురేటర్ రోజుల్లో మెకానిక్ మెయిన్ జెట్ మార్చి, ప్లగ్ రంగు చూసి చెప్పేవాడు. ఇప్పుడు చెప్పాల్సింది ఆక్సిజన్ సెన్సర్. 1976లో బాష్ వాళ్లు వోల్వో కారుకు మొదట పెట్టిన చిట్టి వస్తువు. నీలో ఆక్సిజన్ మిగిలితే ఒక వోల్టేజీ, మిగలకపోతే ఇంకొకటి. దాని మాట విని ఈసీయూ ఇంజెక్టరును కాసేపు ఎక్కువ, కాసేపు తక్కువ తెరుస్తూ, ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి అన్న తూకం చుట్టూ ఊగిసలాడుతుంది. నెమ్మదిగా సాగే ప్రయాణంలో ఈ సంభాషణ చక్కగా నడుస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పినప్పుడు మాత్రం ఈసీయూ సెన్సర్ మాట వినడం మానేసి, కర్మాగారంలో రాసిచ్చిన పట్టిక చూసి పెట్రోలు పోస్తుంది. ఆ పట్టికకు నా కొత్త సైలెన్సర్ సంగతి తెలియదు. అక్కడే పెట్రోలు చాలక ఇంజిన్ ఎండిపోతుంది. బెండ్ పైపు నీలమెక్కుతుంది, ప్లగ్ తెల్లబడుతుంది, వాల్వు అనవసరంగా కాలుతుంది.

ఇంకో రెండు సంగతులు ఆ పట్టికకు సరిగ్గా తెలియవు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తూకం 9 దగ్గర, కలిసిన మిశ్రమానికి 13.5 చుట్టుపక్కల. అంటే పాత లెక్కన పోస్తే కొరతే. ఇక మన గాలి. సికింద్రాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. తీరంలో కంటే ఇక్కడ గాలి ఒత్తిడి సుమారు 6 శాతం తక్కువ. మే నెల ఎండలో అది ఇంకా పలచనవుతుంది. దీన్ని ఈసీయూ తన కొలతలతో కొంత సర్దుకుంటుంది. మిగతాది నేను సర్దుతాను.

ఆ సర్దుబాటు కోసం బెంగళూరులో రేస్ డైనమిక్స్ వాళ్లు చేసే పవర్‌ట్రానిక్ డబ్బా తెచ్చాను. అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె. మనదేశపు బండ్లను మనదేశంలో విప్పి చూసి, వాటి మెదడుకు మాట నేర్పిన మనుషుల పని అది, అందుకే నాకు ఎక్కువ గౌరవం. బ్యాటరీ నెగెటివ్ తీస్తాను. ఈసీయూ కనెక్టరు, ఇంజెక్టరు, కాయిలు, ఒక్కొక్కదాన్నీ ఊడదీసి మధ్యలో దీని వైర్లను కలుపుతాను. ఒక్క వైరూ కొయ్యను. నచ్చకపోతే సాయంత్రానికల్లా బండి మళ్లీ కర్మాగారపు బండి. వైర్ల కట్టను సైలెన్సర్ వేడికి దూరంగా, హ్యాండిల్ తిరిగినా లాగుడు పడకుండా కేబుల్ టైలతో కడతాను. ఎర్త్ వైరు రింగు కింద పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడ్డాకే బోల్టు బిగిస్తాను. రెండు మ్యాపులుంటాయి. ఒకటి ఈ రోడ్లకు, ఎప్పుడూ అదే. రెండోది ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ కోసం దాచినది.

ల్యాప్‌టాప్ తెరిస్తే పట్టిక కనబడుతుంది. అడ్డంగా ఇంజిన్ చుట్లు, నిలువుగా థ్రాటిల్ తెరుపు. ప్రతి గడిలో ఒక శాతం. ఇక్కడ పెట్రోలు ఇంత పెంచు, అక్కడ ఇంత తగ్గించు. పక్క పట్టికలో స్పార్కు ఎన్ని డిగ్రీలు ముందు పడాలో. నేను స్పార్కును దాదాపు ముట్టను. 8.5 కుదింపు ఉన్న ఈ ఇంజిన్ నెమ్మది మనిషి, దాన్ని తొందరపెట్టకూడదు. సెన్సర్ మాట నడిచే గళ్లను అలాగే వదిలేస్తాను. అక్కడ నేను ఎంత కలిపినా ఈసీయూ తీసేస్తుంది. నాకు మిగిలేవి పైగళ్లు, థ్రాటిల్ సగం దాటినవి. పూర్తి బలానికి తూకం 13కు దగ్గరగా రావాలి. ఒక్కో గడిలో కాస్త కాస్త పెంచుతాను. ఇంజిన్ ఊపిరిని అంకెల్లో చూసే ఈ భాగ్యం మా మెకానిక్ తాతలకు లేదు. వాళ్లు చెవితో చూశారు. నేను చెవితో విని అంకెలో రాస్తున్నాను.

సెల్ఫ్ నొక్కేముందు ఒక పని. మెత్తటి గుడ్డతో పైపునూ సైలెన్సర్‌నూ మొదలంటా తుడవాలి. ఒక్క వేలిముద్ర మిగిలినా మొదటి వేడికే అది లోహంలోకి కాలి, ఎప్పటికీ పోదు.

నొక్కుతాను. ఒక్క క్షణం పంపు మూలుగు. తర్వాత నువ్వు.

హెడ్డు దగ్గర చెయ్యి దూరంగా పెట్టి తిప్పుతాను, ఎక్కడైనా నీ వేడి ఊదు తగులుతుందా అని. లేదు. థ్రాటిల్ ఎత్తి వదిలితే టప్‌మన్న పేలుడు లేదు. ప్యాకింగ్ దగ్గర సందుంటే బయటి గాలి దూరి, కాలని పెట్రోలు గొట్టంలో అంటుకుని పేలుతుంది. నిమిషాలు గడిచేకొద్దీ స్టీలు మీద రంగులు మొదలవుతాయి. ముందు లేత గడ్డి రంగు, మెల్లగా రాగి, తర్వాత ఊదా. వేడికి లోహం మీద పుట్టే సన్నని ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వెలుగు తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించే రంగులవి. ఏ దుకాణంలోనూ అమ్మని రంగులు. చల్లారనిచ్చి, నట్లను మరొక్కసారి బిగిస్తాను.

ఆ తర్వాత బండిని చిలకలగూడ మీదుగా, సంగీత్ చౌరస్తా దాటించి, రాజీవ్ రహదారి ఎక్కిస్తాను. ఊళ్లో ఉన్నంతసేపూ థ్రాటిల్ కొద్దిగానే తెరుస్తాను. శామీర్‌పేట చెరువు దాటాక రోడ్డు విప్పుకుంటుంది. నాలుగో గేరులో, 2500 దగ్గర నుంచి మెల్లగా, మొత్తంగా తెరుస్తాను. 3000. పాత సైలెన్సర్‌తో ఇక్కడ ఒక గొంతు పట్టుడుండేది, లేదు. 3500, పిడి కింద సన్నని వణుకు. 4000, ఆ 41 న్యూటన్ మీటర్లు ఒక్కసారిగా వచ్చి కూర్చుంటాయి. గాలీ, నువ్వు వెనక్కి పోతున్న కొద్దీ నేను ముందుకు పోతున్నాను. నా ఒంట్లో ఇంత సంతోషం పట్టే చోటు ఉందని ఇలాంటప్పుడే తెలుస్తుంది.

తెరిచి ఉంచినట్టే క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపి, పక్కకు దొర్లించి, చెట్టు కింద ప్లగ్ విప్పుతాను. పింగాణీ మీద గోధుమ రంగు, అంచున ఒక వైపు మాత్రం కాస్త తెలుపు. 3500 వరసలో చివరి గళ్లకు ఇంకొంచెం పెట్రోలు కావాలి. ల్యాప్‌టాప్ ట్యాంకు మీద పెట్టి ఆ గళ్లు తెరుస్తాను.